రుమాలు డాక్టరుగారు

డాక్టరుగారు పోయారన్న కబురు నాకు ఐసెలిన్‌లో ఇండియన్ కొట్లో బెండకాయలు ఏరుకుంటుండగా తెలిసింది. చెప్పినాయన నా పక్కనే నిలబడి ఒక్కో కాయ కొన విరిచి చూసి, నచ్చనివాటిని మళ్ళీ అదే బుట్టలో పడేస్తున్నాడు. ఆ పని ఆపకుండానే "మీ డాక్టరుగారు పోయారటండీ, విన్నారా?" అన్నాడు. నా చెయ్యి ఆగిపోయింది. ఆయన చెయ్యి మాత్రం ఆగలేదు. "మనిషి మంచివాడేననుకోండి. కానీ ఎయిటీస్‌లో నేను జలుబుతో చస్తుంటే ఒక్క యాంటీబయాటిక్ రాసిచ్చిన పాపాన పోలేదు" అని, లేతకాయ ఒకటి సంచీలో వేసుకున్నాడు.

న్యూజెర్సీ తెలుగువాళ్ళ దగ్గర డాక్టరుగారికి ఇంతకన్నా ఘనమైన నివాళి దొరకదు. జలుబు తగ్గి ఇన్ని దశాబ్దాలయినా మందు ఇవ్వలేదన్న కోపం తగ్గలేదంటే, ఆయన ఎంత నిక్కచ్చిగా వైద్యం చేశారో అర్థం చేసుకోవచ్చు. ఆయన బతికుండి ఈ మాట వింటే, "జలుబు తగ్గిందా లేదా, అది చెప్పమను" అనేవారు.

ఆయన అంటురోగాల డాక్టరు. గుంటూరు వైపు మనిషి. మా ఊరి ఆసుపత్రిలో, రోగుల రక్తంలోంచి క్రిములను తీసి పెంచి పరీక్షించే ల్యాబ్ ఒకటి బేస్‌మెంట్‌లో ఉండేది. అది ఆయన అజమాయిషీలో నడిచేది. డెబ్భైల చివర్లో నేను అందులో టెక్నీషియన్‌గా చేరాను. ఆంధ్రా అమ్మాయినని తెలిసి సంతోషిస్తారనుకున్నాను. ఏడాదిపాటు నాతో ఇంగ్లీషు తప్ప మాట్లాడలేదు. ఒకరోజు నేను క్రిములు పెంచే గాజు పళ్ళానికి మూత పెట్టడం మరిచిపోతే, వెనకనుంచి శుద్ధమైన గుంటూరు తెలుగులో "ఆ మూత మీ ఆయనొచ్చి పెడతాడా?" అని వినిపించింది. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. అయినా మాతృభాష విన్న ఆనందంలో కళ్ళు చెమర్చాయి. ఆయన తెలుగును తిట్టడానికి మాత్రమే దాచుకున్నారని తర్వాత అర్థమైంది.

ఎవరికీ చెయ్యి కలిపేవారు కాదు. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టేవారు. అమెరికన్ డాక్టర్లు దాన్ని ప్రాచీన సంస్కృతి అనుకుని పులకించిపోయేవారు. ఒకాయనైతే ధ్యానం నేర్పమని కూడా అడిగాడు. అసలు సంగతి, ఆ చేతులు ఎక్కడెక్కడ పెట్టి వచ్చారోనని ఈయన భయం. జేబులో ఎప్పుడూ రెండు తెల్ల రుమాళ్ళు ఉండేవి, భార్య ఇస్త్రీ చేసి నాలుగు మడతలు పెట్టి ఇచ్చినవి. ఒకటి తలుపుల హ్యాండిళ్ళు పట్టుకోవడానికి. రెండోది ఎందుకో ఎవరికీ తెలియదు. అది మడత విప్పగా చూసినవాళ్ళు లేరు. నర్సు ఒకామె ధైర్యం చేసి అడిగితే, "అది చూపించడానికి" అన్నారట.

శనివారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో తెలుగువాళ్ళం కలిసేవాళ్ళం. తలా ఒక వంటకం తెచ్చేవాళ్ళం. ఆడవాళ్ళు పులిహోరతోనూ మగవాళ్ళు దగ్గుతోనూ వచ్చేవాళ్ళు. డాక్టరుగారు కనబడగానే గొంతులు సవరించుకునేవాళ్ళు. ఆయన పులిహోర పెట్టించుకుని, దగ్గులను తిప్పిపంపేవారు. "మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు" అనే పాతమాటే ప్రతివాడికీ కొత్తగా చెప్పేవారు. అప్పట్లో మా అందరి ఇళ్ళలోనూ వంటింటి పై అరలో ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్రల డబ్బా ఉండేది. పిల్లాడు తుమ్మితే సగం మాత్ర, మొగుడు తుమ్మితే మాత్ర. ఆయన ఏ ఇంటికి వెళ్ళినా మంచినీళ్ళ నెపంతో వంటింట్లోకి దూరి ఆ డబ్బా దించి, మాత్రలన్నీ చెత్తబుట్టలో పోసి వచ్చేవారు. అందుకే ఆయన్ని పిలిచేముందు మాత్రల డబ్బా దాచడం మా ఊళ్ళో ఇల్లు సర్దుకోవడంలో భాగమైపోయింది.

ఆయన అసలు పని మందులు ఇవ్వకపోవడం కాదు, మందులకు జోడీ కుదర్చడం. ఆ రోజుల్లో స్టాఫ్ అనే క్రిమి ఒకటి మదమెక్కి తిరుగుతుండేది. పెన్సిలిన్‌ను అది ఎప్పుడో లెక్కచేయడం మానేసింది. దాని తర్వాత తెచ్చిన మెథిసిలిన్‌కూ లొంగకుండా తయారైంది. మిగిలిన దిక్కు వాంకోమైసిన్. నరంలోకి బొట్టుబొట్టుగా ఎక్కించాలి. అది పనిచేస్తుంది, కాదనలేం. కానీ మన గవర్నమెంటు ఆఫీసులో ఫైలు కదిలినట్టు పనిచేస్తుంది. ఈలోగా రోగి ఓపిక అయిపోతుంది. అందుకని దానికి తోడుగా ఇంకో మందు, ఒక్కోసారి ఇంకో రెండు.

"రెండు మందులు కలిపితే రెండింతలు పనిచేస్తాయని ఏ మూర్ఖుడు చెప్పాడు?" అనేవారు ఆయన. "తోడికోడళ్ళను చూళ్ళేదా? కొందరు కలిస్తే నలుగురి పని చేస్తారు. కొందరు ఎవరి గిన్నె వాళ్ళు తోముకుంటారు. కొందరు కలిశారంటే పొయ్యిమీద కూర నేలమీద ఉంటుంది." ఈ మూడింటికీ మా వృత్తిలో సినర్జీ, ఇండిఫరెన్స్, యాంటాగనిజం అని పేర్లు. ఏది ఏదో తేల్చడానికి చిన్నచిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలక ఒకటి వాడేవాళ్ళం. అడ్డంగా ఒక మందు, నిలువుగా ఇంకో మందు, గుంట గుంటకూ మోతాదు మార్చి పోసి, అన్నింట్లో రోగి క్రిమిని వేసి మర్నాటిదాకా ఉంచాలి. గుంట మబ్బు పడితే క్రిమి బతికినట్టు, తేటగా ఉంటే చచ్చినట్టు. "వామనగుంటలు సిద్ధమా?" అంటూ వచ్చేవారు పొద్దున్నే. రోజంతటిలో ఆయన ముఖంలో నవ్వు లాంటిది కనిపించేది అప్పుడే.

ఆ మూడు మాటలనూ ల్యాబ్‌లో వదిలిరాకుండా శనివారం భోజనాలకు కూడా తెచ్చేవారు. ఏదైనా జంట గుమ్మంలోకి రాగానే నా వైపు వంగి, "సినర్జీ", "యాంటాగనిజం" అని మెల్లగా తేల్చేసేవారు. ఎక్కువమందికి దక్కేది ఇండిఫరెన్సే. ఒకసారి ఉండబట్టలేక "మరి మీదేంటి సార్?" అని అడిగాను. ఆయన భార్య అప్పుడు దూరంగా సోఫాలో కూర్చుని ఎవరి పాపకో జడ వేస్తున్నారు. అటు చూడనైనా చూడకుండా, "ఇండిఫరెన్స్. అందులో సందేహమేముంది?" అన్నారు. ఆ మాట ఆమె చెవిన పడింది. జడ అల్లడం ఆపలేదు.

ఎనభైల మొదట్లో మా అక్క అదే ఆసుపత్రిలో రోగిగా చేరింది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం దాని గుండెలో ఒక వాల్వ్‌ను పాడుచేసి పోయింది. అమెరికా వచ్చాక ఛాతీ కోసి దాని చోట కొత్త వాల్వ్ పెట్టారు. కొన్ని నెలలకు చలిజ్వరం పట్టుకుంది. రక్తం తీసి సీసాలో వేసి మా ల్యాబ్‌కి పంపారు. మర్నాటికి సీసా మబ్బు పట్టింది. ఆ సీసా మీద అంటించిన పేరు మా అక్కది. అందులో పెరిగింది, మెథిసిలిన్‌కి లొంగని ఆ స్టాఫే. కొత్త వాల్వ్ మీద అది కాపురం పెట్టింది.

నేను ఆ పేరే మళ్ళీ మళ్ళీ చదువుతుంటే డాక్టరుగారు సీసా అందుకుని, "ఏడవడానికి బోలెడు టైముంది. ముందు గుంటలు పొయ్యి" అన్నారు. పోశాను. వాంకోమైసిన్, జెంటామైసిన్ నరంలోకి, రిఫాంపిసిన్ అనే ఎర్రమాత్ర నోటికి, ఈ మూడూ కలిపి ఇవ్వాలని తేల్చారు. రిఫాంపిసిన్ టీబీకి వాడే మందు. చాలా గొప్పదే కానీ ఒంటరిగా పంపితే రెండు మూడు రోజుల్లో క్రిమి దాని గుట్టు కనిపెట్టేస్తుంది. పెద్దమనుషుల తోడు లేకుండా ఆ మాత్రను గడప దాటనివ్వకూడదనేవారు ఆయన.

రోజులు గడిచాయి. జ్వరం దిగలేదు. పైనుంచి సీసా వస్తూనే ఉంది, నేను చూస్తుండగానే మబ్బు పడుతూనే ఉంది. పొద్దున్నే ఆ సీసా ముందు నిలబడి ఎన్ని మొక్కులు మొక్కానో. అక్క వాల్వ్ మార్చిన సర్జను మంచి పొడగరి, ఆ పొడుగుకు తగ్గ మాట. మా డాక్టరుగారిని వరండాలో ఆపి, "మీ కూరలో మూడు మసాలాలు వేశారుగా, ఇంకా రుచి రాలేదేం?" అని ఇంగ్లీషులో నవ్వాడు. ఈయన "ఉడుకుతోంది" అన్నారు. నిజం చెప్పాలంటే సర్జను మాటలోనూ న్యాయముంది. మందులకు లొంగకపోతే మళ్ళీ ఛాతీ తెరిచి వాల్వ్ మార్చడం తప్ప దారి లేదు. కానీ మొదటి ఆపరేషన్‌కే అక్క చచ్చి బతికింది. రెండోదానికి తట్టుకుంటుందా అంటే సర్జను కూడా నేలచూపులు చూశాడు.

ఆ మధ్యాహ్నం ఆపరేషన్ సంగతి చెప్పడానికి అందరూ అక్క గదిలో చేరారు. మంచం పక్కన బావ, కాళ్ళ దగ్గర నేను. సర్జను వివరంగా, నెమ్మదిగా చెప్పాడు. అక్క పిల్లాడి ఫోటో చేతిలో పట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది. అప్పుడు డాక్టరుగారు జేబులో చెయ్యి పెట్టి రెండో రుమాలు తీశారు. నాలుగు మడతలూ విప్పి అక్క చేతికిచ్చారు. నర్సు గుండెమీద చెయ్యి వేసుకుంది. సర్జను చూపు తిప్పుకున్నాడు. ఈ రాతిమనిషిలో ఇంత తడి ఉందా అనుకున్నాను.

"తుడుచుకో అమ్మా. బాగా తుడుచుకో" అన్నారు. అక్క తుడుచుకుంది. ఆయన చెయ్యి చాపి ఆ రుమాలు వెనక్కి తీసుకున్నారు. తలుపు హ్యాండిల్‌నే నమ్మని మనిషి, పక్కవాళ్ళు కళ్ళు తుడుచుకున్న గుడ్డ పుచ్చుకోవడం ఏమిటా అని చూస్తున్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళి దాన్ని వెలుతురుకు పట్టారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు. తర్వాత అక్క వైపు తిరిగారు.

"మాత్రలు ఎక్కడ పెడుతున్నావమ్మా?"

"ఏ మాత్రలండీ?" అంది అక్క.

"ఎర్రవి. అవి కడుపులోకి పోతే ఒంట్లోంచి వచ్చే నీళ్ళన్నిటికీ నారింజ రంగు పడుతుంది. కన్నీళ్ళతో సహా. ఇంతసేపు ఏడ్చావు, రుమాలు మల్లెపువ్వులా ఉంది."

అక్క బావ వైపు చూసింది. బావ సీలింగ్ వైపు చూశాడు. అక్క మంచం పక్కన సొరుగు లాగి కుంకుమభరిణె తీసి ఇచ్చింది. డాక్టరుగారు మూత తీశారు. కుంకుమలో పొర్లి, ఎర్రమాత్రలన్నీ భద్రంగా ఉన్నాయి.

"మొదట్లో వేసుకున్నానండీ" అంది అక్క, గదిలో తెలుగు రానివాళ్ళకు వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి. "బాత్రూంకి వెళ్తే ఎర్రగా పోతోంది. ఒళ్ళు వేడి చేసిందని భయమేసింది. అప్పట్నుంచి చెంపలో పెట్టుకుని, నర్సు వెళ్ళాక తీసేస్తున్నా. మా ఆయన సబ్జాగింజల నీళ్ళు తెస్తే తగ్గింది."

"తీసినదానివి పారేయొచ్చుగా?"

"మందు పారేస్తే పాపం కదండీ. టీబీకి పనికొస్తాయటగా. ఇండియా వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే పంపిద్దామని. అక్కడ ఎవరికైనా..."

వంటిళ్ళ అరలు గాలించి మాత్రల డబ్బాలు ఖాళీ చేయించిన మనిషికి, కుంకుమభరిణె వెతకాలన్న ఆలోచన రాలేదు. డాక్టరుగారు భరిణె మూత పెట్టి బావను పట్టుకున్నారు.

"ఏమయ్యా, రంగు మారుతుందని మా కుర్ర డాక్టరు నీకు చెప్పలేదూ?"

"చెప్పాడు సార్. యూరిన్ కలర్ చేంజ్ అవుతుంది, డోంట్ వర్రీ అన్నాడు."

"మరి ఈమెకు చెప్పావా?"

"లేడీస్‌తో అలాంటివి ఎలా డిస్కస్ చేస్తాం సార్?"

"నీ భార్యేగా? పెళ్ళయి ఎన్నేళ్ళయింది?"

"బాబు ఫిఫ్త్ గ్రేడ్ సార్."

డాక్టరుగారు నా వైపు తిరిగి "ఇండిఫరెన్స్" అన్నారు. ఇంతసేపూ ఏం జరుగుతోందో తెలియక నిలబడ్డ సర్జను, ఏమిటి సంగతి అని అడిగాడు. "ఒక మసాలా డబ్బాలోనే ఉండిపోయిందట" అని ఇంగ్లీషులో చెప్పి భరిణె చూపించారు. సర్జను పెద్దమనిషే. నవ్వకుండా, వారాంతం దాకా ఆగుతానన్నాడు.

అక్కడితో అయిపోలేదు. ఆ మొదటి రోజుల్లో తిన్న కాసిని మాత్రలతోనే క్రిమి ఆ మందు గుట్టు నేర్చేసుకుని ఉంటే, ఇప్పుడు భరిణెడు మింగినా లాభం లేదు. నేర్చుకుందో లేదో తేలాలంటే మళ్ళీ గుంటలు పోయాలి. పోశాను. మర్నాడు పొద్దున ఆయన ల్యాబ్‌కి వచ్చినప్పుడు తలుపు ఉత్త చేత్తో తోసుకుని వచ్చారు. నేను చూశాను. ఆయన చూసుకోలేదు. వామనగుంటల మాట కూడా ఎత్తలేదు. పలక దీపం కిందికి జరిపాను. ఇద్దరం వంగి చూశాం. రిఫాంపిసిన్ ఉన్న గుంటలన్నీ తేటగా ఉన్నాయి.

"దీనికింకా బుద్ధి రాలేదు" అన్నారు, క్రిమిని ఉద్దేశించి. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత పైకి వెళ్ళి, తన ఎదురుగా అక్కచేత మాత్ర మింగించి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూశారట.

అప్పట్నుంచి రోజూ వెళ్ళి రుమాలు చాపి, "ఏదీ, కాస్త ఏడువమ్మా" అనేవారు.

"ఏడుపు రావట్లేదండీ" అనేది అక్క.

"మీ ఆయన్ని తలుచుకో."

నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్ళకే రుమాలూ దిండుగలీబూ నారింజరంగు దేరాయి. కొన్నాళ్ళకు, మర్నాటికీ మూడోనాటికీ కూడా మబ్బు పట్టని సీసా ఒకటి నా ముందు నిలబడింది. ఆ సీసాకు నేను దణ్ణం పెట్టుకున్నాను. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. అక్క ఇప్పటికీ ఉంది. జెంటామైసిన్ పుణ్యమా అని చెవులు కాస్త మందగించాయి. బావ చెప్పేవాటిలో సగం వినబడవు. ఆ సంగతి చెబితే డాక్టరుగారు, "అది సైడ్ ఎఫెక్ట్ కాదు, ట్రీట్‌మెంట్‌లో భాగమే" అన్నారు. ఊళ్ళో ఆయనకు రుమాలు డాక్టరని పేరు పడిపోయింది. కుంకుమభరిణె సంగతి తెలిసి తెలుగువాళ్ళంతా విరగబడి నవ్వారు. నవ్వి ఇళ్ళకెళ్ళి మాత్రల డబ్బాలను దేవుడి గూట్లోకి మార్చుకున్నారు.

బెండకాయలు అక్కడే వదిలేసి డాక్టరుగారింటికి వెళ్ళాను. ఆయన భార్యను నేను పిన్నిగారనే పిలుస్తాను. తలుపు తీసి, "రావే" అన్నారు. ఎప్పటిలాగే ఉన్నారు. ఏడ్చిన జాడ లేదు. కాఫీ కలిపి ఇస్తూ చెప్పుకొచ్చారు. మంచులో జారిపడి తుంటి విరిగిందట. దాని చోట స్టీలుది పెట్టారట. దానికి స్టాఫ్ పట్టిందట.

"ఇన్నేళ్ళు దాన్ని ఆడిపోసుకున్నాడుగా, వెతుక్కుంటూ వచ్చింది" అన్నారు పిన్నిగారు. "రెండు మందులు కలిపి ఇచ్చారు. అందులో ఒకటి మీ అక్క దాచిన ఎర్రమాత్ర. ఈయన ఒక్కటి కూడా తప్పించలేదు. కానీ ఒంట్లో ఓపికుండాలి కదే. వయసైపోయింది."

"నొప్పి బాగా ఉండేదా పిన్నిగారూ?"

"లేదనేవాడు. భయమూ లేదనేవాడు. నేను గదిలోకి వెళ్తే పేపరు చదివేవాడు. ఒక్కోసారి తలకిందులుగా పట్టుకుని." ఆమె లేచి లోపలికి వెళ్ళి, ఇస్త్రీ చేసిన రుమాళ్ళ దొంతర తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "పెళ్ళయినప్పట్నుంచి కాఫీ కప్పు కడిగి ఎరగని మనిషి. ఆఖరి రోజుల్లో వాకర్ పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, తన రుమాళ్ళు తనే సబ్బేసి ఉతుక్కునేవాడు. ఏంటండీ ఇది అంటే, చెమట తుడుచుకున్నానన్నాడు. జనవరిలో చెమటేంటే?"

పై రుమాలు మడత విప్పి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. వెలుతురుకు పట్టాను. పక్కపక్కన రెండు మరకలు, రెండు కళ్ళకూ మధ్య ఉండేంత ఎడంలో. నారింజరంగు వెలిసింది కానీ పోలేదు. దాని కిందిదీ అంతే. ఆ కిందిదీ అంతే. నాకు ఏడుపు ఆగలేదు. ఆ రంగు ఏం చేసినా పోదని మా అక్క దిండుగలీబు చూపించి నర్సులందరికీ పాఠం చెప్పిన మనిషి, తను ఉతికితే పోతుందనుకున్నారు.

పిన్నిగారు రుమాలు నా చేతిలోంచి తీసుకుని, పాత మడతల మీదే మళ్ళీ మడిచారు.

"ఇండిఫరెన్స్ అట" అన్నారు.